ఇల్లు సర్దితే చాలదు

బతుకమ్మ పండుగకు వారం ముందు ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఒకే సందడి కనిపిస్తుంది. అటక మీది సామాను వాకిట్లోకి దిగుతుంది. ఇత్తడి బిందెలు చింతపండు తొక్కుతో తళతళలాడుతాయి. బొంతలు, దుప్పట్లు ఎండకు పడతాయి. గోడలకు సున్నమో, రంగో పడుతుంది. ఇల్లాలు మూడు నాలుగు రోజులు నడుము ఎత్తకుండా చాకిరీ చేస్తుంది. చివరికి ఇల్లు అద్దంలా మెరుస్తుంది. చూసిన వాళ్లంతా మెచ్చుకుంటారు.

అంతవరకు బాగానే ఉంది. ఆ ఇంట్లోంచి బయటపడిన పగిలిన ప్లాస్టిక్ డబ్బాలు, చిరిగిన సంచులు, పాత చెప్పులు, ఖాళీ సీసాలు ఎక్కడికి పోయాయని ఎవరూ అడగరు. కొన్ని వీధి చివరి మోరీ పక్కకు, కొన్ని వాగు గట్టుకు, మరికొన్ని ఊరి బయటి పాడుబడిన బావిలోకి పోతాయి. ఆ తర్వాత పడే గట్టి వాన వాటిని వాగులోకి తోస్తుంది. వాగు చెరువులోకి చేరుస్తుంది. ఇంటి మైల ఊరికి పట్టింది తప్ప వదిలిపోలేదు.

ఇబ్రహీంపట్నానికి చెరువు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో వెలసిన పెద్దచెరువు ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. చెరువు నిండితే చుట్టుపక్కల బావులకు, బోర్లకు ఊట వస్తుంది. ఎండితే రైతు అప్పు చేసి మరో బోరు దించాలి. ఇంత విలువైన చెరువులోకి నీళ్లు తెచ్చే దారులే చెత్తకుప్పలుగా మారడం విచారకరం. ఎవరో కంపెనీవాళ్లు వచ్చి పోసిన చెత్తే అయితే వాళ్లను నిలదీయవచ్చు. ఇందులో ప్రతి ఇంటి వాటా ఉంది. కాబట్టి దిద్దుబాటు కూడా ప్రతి ఇంటి వంటగది నుంచే మొదలు కావాలి.

కాలాన్ని బట్టి కూర

రెండు తరాల వెనక్కి వెళితే పల్లెటూరి ఇంట్లో పారేసే వస్తువు దాదాపు ఉండేది కాదు. అందుకు మొదటి కారణం వంట కాలాన్ని బట్టి సాగడం. ఎండలు ముదిరేనాటికి చింతచిగురు వస్తుంది, పప్పులో పడుతుంది. మామిడికాయ వస్తుంది, కొంత పప్పుకు, కొంత తొక్కుకు, మిగిలింది ఒరుగులకు పోతుంది. ఆ ఎండలోనే మిరపకాయలు ఎండుతాయి, వడియాలు ఎండుతాయి. మధ్యాహ్నం పొయ్యి వెలిగించనక్కర లేకుండా పచ్చిపులుసు, మజ్జిగ, అంబలితో పూట గడిచిపోతుంది.

తొలకరి పడగానే చేను గట్ల మీద విత్తకుండానే మొలిచే కూరలు వస్తాయి. గంగవాయిలి, చెంచలి, పొన్నగంటి, వినాయక చవితినాటికి తుమ్మికూర ఇలా పైసా ఖర్చులేని కూరలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చలికాలంలో చింతకాయ తొక్కు, అనపకాయలు, ఉప్పు వేసి ఉడకబెట్టిన కందికాయలు. సంక్రాంతికి కొత్త బియ్యం, నువ్వులు చేతికి అందుతాయి కాబట్టి సకినాలు. ఏ కాలంలో ఏది చవకగా, తాజాగా దొరికితే అదే తినడం, ఎక్కువైంది ఎండబెట్టో ఊరబెట్టో దాచుకోవడం అప్పటి పద్ధతి. అందులో పొట్లం కట్టవలసిన అవసరమే రాలేదు.

ఈ కూరలు పేదల తిండి అని చిన్నచూపు చూడడం పెద్ద పొరపాటు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో బాధపడుతున్నట్లు తేలింది. ఆకుకూరలు తరచుగా తినాలని, వాటితోపాటు నిమ్మ, ఉసిరి వంటి పులుపు ఉంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుందని వైద్యులు చెబుతారు. నెత్తురు లేదని మందుల దుకాణానికి పరుగెత్తే ఇంటి గట్టు మీదే గంగవాయిలి కూర తొక్కుడు పడుతోంది. కలుపుమందు కొట్టిన చేలలో అదీ మాడిపోతోంది. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలాంటి సాగుచేయని కూరలను, చిరుధాన్యాలను కాపాడుకుంటూ వస్తున్నాయి. ఆ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. ప్రపంచం మెచ్చిన ఆ పని ఇబ్రహీంపట్నం రైతు ఇంటికీ తెలిసిందే. మరచిపోకుండా ఉంటే చాలు. అయితే మందు కొట్టిన చేలోవి, మోరీ పక్కన మొలిచినవి మాత్రం కోయరాదు.

చీర నుంచి మసిగుడ్డ దాకా

రెండో కారణం పొదుపు. నూలుచీర మొదట పండుగకు కట్టేవారు. రంగు వెలిస్తే చేను పనికి కట్టేవారు. చిరిగితే చంటిపిల్లకు ఉయ్యాల అయ్యేది. నాలుగైదు పాత చీరలు కలిపి కుడితే బొంత అయ్యేది. అదీ చినిగితే మసిగుడ్డ. అయిదు జన్మలు ఎత్తాక గానీ ఆ చీర మట్టిలో కలిసేది కాదు. కలిసినా మట్టికి హాని లేదు.

వంటింటి సంగతీ అంతే. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు కుడితిగా బర్రెకు పోయేవి. పొయ్యి బూడిద గిన్నెలు తోమడానికి, గింజలకు పురుగు పట్టకుండా కలపడానికి పనికివచ్చేది. మిగిలిందంతా పశువుల పేడతోపాటు పెంటకుప్పకు చేరేది. వేసవిలో పెంట బండ్ల మీద చేనుకు పోయేది. చేను నుంచి ఇంటికి వచ్చింది తిరిగి చేనుకే చేరేది. అలాగే చెరువులో పేరుకున్న ఒండ్రుమట్టిని ఎండాకాలంలో పొలాలకు తోలుకునేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో పూడిక మట్టిని రైతుల చేలకు తరలించింది కూడా ఈ పాత తెలివితోనే.

అలాగని ఆ కాలమంతా బంగారమని అనడం నిజం కాదు. ఆ పొదుపులో సగం లేమి. ఆ కష్టమంతా ఆడవాళ్ల నెత్తినే పడేది. కట్టెలపొయ్యి పొగకు కళ్లు, ఊపిరితిత్తులు చెడిపోయేవి. ఇత్తడి బిందె మోసి నడుములు పడిపోయేవి. గ్యాసు పొయ్యి, మిక్సీ, తేలికైన ప్లాస్టిక్ బిందె వచ్చి వాళ్లకు కొంత ఊరట కలిగించాయి. వాటిని వదులుకోమనడం అన్యాయం. నిలబెట్టుకోవలసింది ఒక్కటే: ఇంటి నుంచి బయటికి వెళ్లే ప్రతి వస్తువూ ఎక్కడికి చేరుతుందో తెలిసి ఉండడం.

పెంటలో కలిసిన ప్లాస్టిక్

ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాదు సుమారు 30 కిలోమీటర్లు. సాగర్ రోడ్డు మీద ఈ ప్రాంతపు టమాటాలు, వంకాయలు, ఆకుకూరలు, పూలు నగరానికి వెళతాయి. తిరుగు బండ్లలో ప్యాకెట్లు వస్తాయి. పాలు, నూనె, టీపొడి, పిల్లల చిరుతిళ్లు, చివరికి అల్లం వెల్లుల్లి ముద్ద కూడా ప్యాకెట్టులోనే. అల్లం పండించే దేశంలో, వెల్లుల్లి ఒలవగల చేతులున్న ఇంట్లో ఇది అవసరమా అని అడిగేవారు లేరు. పెళ్లికో, బారసాలకో మోదుగాకు విస్తళ్లు కుట్టే రోజులు పోయి ప్లాస్టిక్ పూత పళ్లాలు, గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు వచ్చాయి. ఒక్క విందు అయ్యేసరికి ట్రాక్టరు ట్రాలీ నిండుతుంది.

నష్టం ప్లాస్టిక్ రావడంతోనే రాలేదు. అది తడి చెత్తలో కలవడంతో వచ్చింది. అన్నం మెతుకులు, కూరగాయల తొక్కలు వేరుగా ఉంటే ఎరువు. పాలప్యాకెట్లు వేరుగా, పొడిగా ఉంటే అమ్ముకునే సరుకు. రెండూ ఒకే సంచిలో ముడి వేస్తే రెండూ చెడ్డ చెత్త. ఆ పెంటను రైతు చేనుకు తోలడు. తోలితే నాగలికి చుట్టుకునేది కవర్లే. ఆ కవర్లను పాతసామాను బండివాడూ ముట్టడు.

మూట కట్టి పారేసిన కవరును ఆవు విప్పలేదు. లోపలి తొక్కల వాసనకు కవరుతో సహా మింగుతుంది. ప్లాస్టిక్ దాని కడుపులో అరగదు, బయటికి పోదు. మేత తగ్గి, పాలు తగ్గి, పశువు కుళ్లి కుళ్లి చస్తుంది. చచ్చిన పశువుల కడుపుల్లోంచి పదుల కిలోల కవర్లు బయటపడిన ఉదంతాలు దేశమంతటా ఉన్నాయి. వేల రూపాయలు పెట్టి కొన్న పశువును పైసా విలువ చేయని కవరు మింగిస్తోంది.

కొందరు చెత్తకు నిప్పు పెట్టి చేతులు దులుపుకుంటారు. భోగిమంటలో కూడా పాత ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు వేస్తున్నారు. ఆ పొగ విషం. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న ముసలివారు ముందుగా బలి అవుతారు. పారేసిన టైర్లలో, కొబ్బరి చిప్పల్లో, పెరటి డబ్బాల్లో నిలిచిన వాననీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో అవి దోమలై లేస్తాయి. వానాకాలం జ్వరాలకు ఆసుపత్రిలో పోసే డబ్బులో కొంత ఇంటి వెనుక డబ్బా సంపాదించి పెట్టిందే. వారానికొకసారి, శుక్రవారం నాడు, ఇంటి చుట్టూ నిలిచిన నీళ్లు పారబోయమని ఆరోగ్యశాఖ చెబుతున్నది ఇందుకే.

సర్దడంలో జాగ్రత్తలు

పండుగ ముందు ఇల్లు సర్దేటప్పుడు సామానును నాలుగు కుప్పలు చేయడం మంచిది. ఇంకా పనికివచ్చే గిన్నెలు, బట్టలు, పుస్తకాలు ఒక కుప్ప. వాటి అవసరం ఉన్న ఇల్లు ఆ వీధిలోనే ఉంటుంది. అటక మీద పదేళ్లుగా దుమ్ము పట్టే వస్తువు ఎవరి ఆస్తీ కాదు. ఇనుము, కాగితం, సీసాలు, శుభ్రమైన ప్లాస్టిక్ రెండో కుప్ప. అది పాతసామాను బండికి. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే వాళ్లు ఇప్పటికీ వీధుల్లోకి వస్తూనే ఉన్నారు. తొక్కలు, ఆకులు, ఊడ్చిన దుమ్ము మూడో కుప్ప, అది గుంతకు. చెడిపోయిన బ్యాటరీలు, బల్బులు, సెల్‌ఫోన్లు, గడువు తీరిన మందులు, సూదులు నాలుగో కుప్ప. దీన్ని వేరే డబ్బాలో పెట్టి చెత్త బండివారికి చెప్పి మరీ ఇవ్వాలి. సఫాయి కార్మికుడి చేతికి సూది గుచ్చుకుంటే ఆ పాపం ఇంటివారిదే.

దాచుకోవడం మంచిదే అయినా అన్నీ దాచుకోదగినవి కావు. పురుగుమందు డబ్బా ఎంత గట్టిదైనా, ఎంత కడిగినా ఇంట్లోకి రాకూడదు. అందులో నీళ్లు, నూనె, విత్తనాలు పోయడం చావును కొనితెచ్చుకోవడమే. మందు అయిపోగానే డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు బొక్కలు పొడిచి పక్కన పెట్టాలి. బావిలోనో, కాలువలోనో కడగరాదు. రంగు డబ్బాల్లో బియ్యం పోయరాదు. ఉప్పు, పులుపు ఉన్న తొక్కుకు జాడీ, గాజుసీసా ఉన్నంత భద్రత పాత ప్లాస్టిక్ డబ్బాకు లేదు. బజ్జీలను, మిర్చీలను దినపత్రిక కాగితంలో చుట్టరాదని, సిరాలోని పదార్థాలు తిండికి అంటుతాయని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. చదివిన పేపరును అలమరలో పరచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. తిండికి మాత్రం విస్తరాకే మేలు.

గుంతకు పెద్ద ఖర్చు లేదు. పెరట్లో నీడ ఉన్న చోట, బావికి, బోరుకు దూరంగా, మూడడుగుల గుంత తీయాలి. తొక్కలు, ఎండుటాకులు, కొద్దిగా పేడ వేస్తూ, పైన పలుచగా మట్టి చల్లుతూ పోవాలి. తడి ఆరనీయకూడదు, నీళ్లు నిలవనీయకూడదు. అది నిండితే పక్కన రెండో గుంత. రెండోది నిండేలోగా, సుమారు మూడు నెలలకు, మొదటిది నల్లటి ఎరువుగా మారుతుంది. ఆ ఎరువుతో నాలుగు బీర పాదులు, రెండు వంగ మొక్కలు, ఒక మడి పుంటికూర పెరిగితే సంతకు వెళ్లే సంచి అంతమేరకు తేలిక అవుతుంది. పెరడు లేని ఇంటికి పాత బకెట్టు చాలు. అడుగున రంధ్రాలు చేసుకుంటే సరి.

పంచాయతీ వంతు

ఇంటివారు చేయగలిగింది ఇంటి గడప వరకే. ఆ తర్వాతి బాధ్యత పంచాయతీది, మునిసిపాలిటీది. తడి చెత్త, పొడి చెత్త, హానికరమైన చెత్త వేరు చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే నియమాలు చేసింది. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు, డంపింగ్ యార్డులు, ఎరువు తయారీ షెడ్లు సమకూరాయి. ప్రజాధనంతో కట్టిన షెడ్డు తాళం వేసి ఉండగా పక్కనే చెత్త కాలుతుండడం చాలాచోట్ల కనిపించే దృశ్యం. ఇంటావిడ రెండు బుట్టల్లో వేరు చేసి పెట్టిన చెత్తను ట్రాలీలో ఒకటిగా గుమ్మరిస్తే మరుసటి వారం నుంచి ఆమె వేరు చేయదు. ఆమెను తప్పుపట్టే హక్కు అప్పుడు ఎవరికీ ఉండదు.

ప్లాస్టిక్ చెంచాలు, పళ్లాలు, గ్లాసుల వంటి వాటి మీద 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం అమలులోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల లోపు సంచులూ కూడదన్నారు. అయినా సంతలో పలుచటి కవరు అడగకుండానే చేతికి వస్తోంది. చిన్న దుకాణదారుకు జరిమానా వేసి ఫోటో తీయించుకున్నంత మాత్రాన ఇది ఆగదు. ఆ సరుకు టోకున ఎక్కడి నుంచి వస్తోందో అక్కడ పట్టుకోవాలి.

పని జరిగే చోట జరుగుతూనే ఉంది. ఆదిలాబాద్ జిల్లా ముఖ్రా (కె) గ్రామం చెత్తతో వానపాముల ఎరువు తయారుచేసి, అమ్మి, వచ్చిన డబ్బుతో ఊరి అవసరాలు తీర్చుకుని పేరు తెచ్చుకుంది. సిద్దిపేటలో విందులకు స్టీలు పళ్లాలు, గ్లాసులు అద్దెకిచ్చే స్టీలు బ్యాంకు వచ్చింది. సముద్రాల ఆవల జపానులోని కమికాత్సు అనే చిన్న కొండ ఊరు చెత్త లేని ఊరుగా మారతామని 2003లోనే ప్రతిన పట్టింది. అక్కడి వారు ఇంటి చెత్తను 40కి పైగా రకాలుగా వేరు చేస్తారు. ఇక్కడ అడుగుతున్నది రెండు బుట్టలే.

గ్రామ పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరిలో ముగిశాక దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన సాగింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి ఊళ్లకు సర్పంచులు వచ్చారు. సీసీ రోడ్లు, లైట్లు అందరూ వేస్తారు. తమ ఊరి ట్రాక్టరు తడి, పొడి కలపకుండా చూసి, షెడ్డు తాళం తీయించి, సఫాయి కార్మికులకు చేతి తొడుగులు, నెలనెలా జీతం అందేలా చూసే సర్పంచి పేరు అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్రతి ఊరి మహిళా సంఘం రెండు మూడు వందల స్టీలు పళ్లాలు కొని అద్దెకిస్తే సంఘానికి ఆదాయం, ఊరికి శుభ్రత. వీటిలో దేనికీ హైదరాబాదు నుంచి ఉత్తర్వు రానక్కరలేదు.

బతుకమ్మను పేర్చేది తంగేడు, గునుగు పూలతో. ఆడి పాడి, చివరికి చెరువులో సాగనంపుతారు. ఆ పూలు నీటిలో కరిగి చెరువుకు ఏ హానీ చేయవు. తెచ్చింది ఎక్కడి నుంచో అక్కడికే చేర్చడం ఆ పండుగ పద్ధతి. ఇంటి సర్దుబాటుకూ అదే పద్ధతి కావాలి. తొక్కలు మట్టికి, ఇనుము బండికి, బట్ట అవసరమున్న వారికి చేరాలి. వచ్చే సద్దుల బతుకమ్మ నాడు ఆడపడుచులు చెరువు కట్ట దిగేసరికి ఒడ్డున కవర్లు కాళ్లకు చుట్టుకోకుండా ఉంటే, ఆ ఊళ్లో ఇళ్లు నిజంగా సర్దినట్లు లెక్క.